మూడు ఇళ్లతో మొదలై వృత్తిగా మారిన పని... ఆక్టేవియా హిల్ జీవితం

కొత్తవలస లాంటి ఊళ్లలో ఓ మాట తరచూ వినిపిస్తుంది. నాలుగు పోర్షన్లు కట్టి అద్దెకిస్తే చాలు, కూర్చుని తినొచ్చని. విశాఖ దగ్గర్లోనే ఉంది. కిరండూల్ లైను విడిపోయే జంక్షన్ ఇదే. ఉద్యోగాలకీ చదువులకీ వచ్చిపోయేవాళ్లకు ఇళ్లు కావాలి. కాబట్టి ఆ మాటలో కొంత నిజం ఉంది. కానీ డిగ్రీ చేతపట్టుకుని ఉద్యోగం వెతుక్కుంటున్న కుర్రాళ్లకూ అమ్మాయిలకూ ఇది డబ్బున్నవాళ్ల వ్యవహారంలాగే కనిపిస్తుంది. స్థలం లేదు, పెట్టుబడి లేదు, మనకెందుకులే అనిపిస్తుంది.

నూట అరవై ఏళ్ల కిందట లండన్‌లో ఓ 26 ఏళ్ల అమ్మాయి ఈ రంగంలో అడుగుపెట్టింది. ఆమె దగ్గర డబ్బు లేదు. బడికి వెళ్లిన చదువు కూడా లేదు. ఉన్నదల్లా లెక్క రాసే అలవాటు, మనుషులతో పని చేయించే నేర్పు. మూడు పాత ఇళ్లతో మొదలుపెట్టి, అద్దె ఇళ్ల నిర్వహణ అనే పనిని ఒక వృత్తిగా నిలబెట్టింది. ఆమె పేరు ఆక్టేవియా హిల్.

దివాలా తీసిన ఇంట్లో పుట్టి...

1838 డిసెంబరు 3న ఇంగ్లండ్‌లోని విస్‌బెక్ అనే చిన్న పట్టణంలో ఆమె పుట్టింది. ఆక్టేవియా అంటే ఎనిమిదవది. తండ్రికి ఆమె ఎనిమిదో కూతురు. ఆయన ధాన్యం వ్యాపారి, బ్యాంకు కూడా నడిపేవాడు. 1840లో దివాలా తీశాడు. మానసికంగా కుంగిపోయి మళ్లీ కోలుకోలేదు. పిల్లల భారం తల్లి కరోలిన్ మీద పడింది. తల్లి తండ్రి సౌత్‌వుడ్ స్మిత్ డాక్టరు. పేదల వాడల్లో మురుగుకూ జ్వరాలకూ ఉన్న సంబంధాన్ని గట్టిగా చెప్పిన ప్రజారోగ్య సంస్కర్త. ఆయన అండతో కుటుంబం నిలబడింది. ఆక్టేవియాకు తల్లే టీచరు.

తర్వాత కుటుంబం లండన్ చేరింది. మహిళలకు చేతిపనులు కల్పించే ఓ సహకార సంఘానికి తల్లి మేనేజరు అయింది. అక్కడే ఆక్టేవియాకు మొదటి ఉద్యోగం. 14 ఏళ్ల వయసులో బొమ్మలు తయారుచేసే గదికి ఇన్‌ఛార్జి. కింద పనిచేసేవాళ్లు కటిక పేద ఇళ్ల పిల్లలు. ఎవరికి ఎంత పని ఇవ్వాలి, సరుకు ఎంత పట్టింది, కూలి ఎంత కట్టాలి... ఇవన్నీ ఆమే చూసేది. పిల్లలు పనికి రాకపోతే ఎందుకు రాలేదో తెలుసుకోడానికి వాళ్ల ఇళ్లకు వెళ్లేది. చీకటి గదులు, కారే పైకప్పులు, ఒక్క గదిలో మొత్తం కుటుంబం. ఈ ఇళ్లు ఎవరివి, అద్దె ఎంత, బాగు చేయాల్సింది ఎవరు అనే ప్రశ్నలు ఆమెకు అక్కడే మొదలయ్యాయి.

బొమ్మలు గీయడంలో ఆమెకు నేర్పు ఉండేది. ప్రసిద్ధ రచయిత, కళా విమర్శకుడు జాన్ రస్కిన్ ఆమె చేత పాత చిత్రాలకు నకళ్లు గీయించుకునేవాడు. గాంధీజీ దక్షిణాఫ్రికాలో రైల్లో చదివి కదిలిపోయిన ‘అన్‌టు దిస్ లాస్ట్’ పుస్తకం రాసింది ఈ రస్కినే. గ్యాలరీల్లో నకళ్లు గీస్తూ, కార్మికుల కాలేజీలో మహిళా తరగతులకు కార్యదర్శిగా చేస్తూ, 1862 నుంచి తల్లి, అక్కచెల్లెళ్లతో కలిసి ఇంట్లోనే బడి నడుపుతూ ఆమె గడిపింది. ఇన్ని పనులు చేసినా చేతిలో మిగిలేది తక్కువే.

అద్దెకు దొరక్క... యజమానిగా మారి

తనకు తెలిసిన పేద కుటుంబాలకు మంచి ఇల్లు చూసిపెట్టాలని ఆమె చాలా తిరిగింది. పేదలకు అద్దెకిస్తామన్న యజమాని దొరకలేదు. దొరికినవి మనుషులు ఉండదగ్గవి కావు. అప్పుడు తనకు తారసపడిన ఒక యజమాని గురించి ఆమె తర్వాత రాసింది. అతను అంత్యక్రియల ఏర్పాట్ల వ్యాపారి కూడా. అద్దె బాకీలు పడినా తనకు పెద్ద లెక్క లేదని, ఆ ఇళ్లలో జరిగే చావుల మీదే తన ఆదాయమని అతను దాచుకోకుండా చెప్పాడట.

ఇక ఇళ్లు మనమే తీసుకుని నడపాలని ఆమె నిర్ణయించుకుంది. డబ్బు మాత్రం లేదు. 1864లో రస్కిన్ తండ్రి చనిపోయాడు. పెద్ద ఆస్తి రస్కిన్ చేతికి వచ్చింది. ఆక్టేవియా తన ఆలోచన ఆయన ముందు పెట్టింది. రస్కిన్ ఒప్పుకున్నాడు, కానీ ఒక షరతు పెట్టాడు. పెట్టిన డబ్బు మీద ఏడాదికి 5 శాతం రావాలి. ఆయనకు డబ్బు అవసరమై పెట్టిన షరతు కాదది. ఈ పని దానధర్మంలా కాకుండా తన కాళ్ల మీద తాను నిలబడితే, ఇంకో నలుగురు కూడా డబ్బు పెడతారని ఆయన లెక్క. అప్పట్లో బ్రిటిష్ ప్రభుత్వ బాండ్ల మీద వచ్చేది 3 శాతం. అంటే 5 శాతం అత్యాశా కాదు, దానమూ కాదు.

1865లో లండన్ మెరిల్‌బోన్ ప్రాంతంలో ప్యారడైజ్ ప్లేస్ అనే సందులో మూడు ఇళ్లను 750 పౌండ్లకు తీసుకున్నారు. సందు పేరుకు స్వర్గం అని అర్థం. లోపల మాత్రం నరకం. పైగా అవి పూర్తి హక్కుతో కొన్నవి కావు. 56 ఏళ్ల లీజు మిగిలినవి. 750 పౌండ్ల మీద 5 శాతం అంటే ఏడాదికి ముప్ఫై ఏడున్నర పౌండ్లు. రిపేర్లు, పన్నులు, ఖాళీ గదుల నష్టం అన్నీ పోగా ఆ డబ్బు మిగలాలి. ఆక్టేవియా లెక్కంతా ఇదే.

ఆమె పద్ధతి ఏంటి?

మొదట చేసింది రంగులు వేయడం కాదు. మురుగు గొట్టాలు, నీళ్లు, పైకప్పు. మనిషి ఆరోగ్యం దేని మీద ఆధారపడి ఉందో అవి ముందు. గోడలకు కాగితం అంటించడం, కొత్త హంగులు పెట్టడం తర్వాత. అద్దెకున్నవాళ్లు ఉన్నదాన్ని జాగ్రత్తగా వాడుతున్నారని తేలాకే తర్వాతి పని మొదలుపెట్టేది.

రెండోది, అద్దె. వారం వారం ఆమే స్వయంగా వెళ్లి వసూలు చేసేది. అద్దె పుస్తకంలో రాసేది. బాకీ పెరగనిచ్చేది కాదు. కట్టకపోతే నోటీసు ఇచ్చేది, అప్పటికీ మారకపోతే ఖాళీ చేయించేది. ఇది కఠినంగా కనిపిస్తుంది. నిజంగానే కఠినం. కానీ ఆమె లెక్క వేరు. పాత యజమానులు బాకీలను చూసీ చూడనట్టు వదిలేసేవాళ్లు, బదులుగా రిపేర్లు ఎగ్గొట్టేవాళ్లు. సరిగ్గా కట్టేవాళ్ల నుంచి ఎక్కువ అద్దె గుంజి, కట్టనివాళ్ల నష్టం పూడ్చుకునేవాళ్లు. అద్దె సక్రమంగా వస్తే రిపేరు అడిగే హక్కు అద్దెకున్నవాళ్లకు వస్తుంది, చేయకుండా తప్పించుకునే సాకు యజమానికి పోతుంది. ఈ రెండూ కలిసి నడవాలన్నది ఆమె పట్టుదల.

మూడోది చాలా తెలివైన ఏర్పాటు. ఏడాదికి రిపేర్ల కోసం ఒక మొత్తం పక్కన పెట్టేది. అది ఎంతో అద్దెకున్నవాళ్లకు ముందే తెలుసు. కిటికీ అద్దాలు పగలగొడితే, గొట్టాలు విరగ్గొడితే ఆ డబ్బు వాటికే పోతుంది. మిగిలితే మాత్రం దాంతో ఏం చేయించాలో అద్దెకున్నవాళ్లే చెప్పొచ్చు. అల్మరానా, బట్టలు ఉతుక్కోడానికి పొయ్యా, వాళ్ల ఇష్టం. ఆ తర్వాత పగలడాలు, విరగడాలు తగ్గిపోయాయి. కాపలావాడితో కాని పని ఒక లెక్కతో అయ్యింది.

మెట్లు, నడవాలు యజమాని బాధ్యతని ఆమె ఒప్పుకునేది. ఆ ఇళ్లలోనే ఉండే పెద్ద ఆడపిల్లలకు కొంత డబ్బిచ్చి వాటిని వారం వారం కడిగించేది. గదుల లోపలి విషయం అద్దెకున్నవాళ్లది. కానీ బయట మెట్లు శుభ్రంగా ఉంటే ఆ అలవాటు గది లోపలికీ పాకింది. రంగులు వేయడం, చిన్న రిపేర్లు లాంటి పనులు పనిలేని కాలం కోసం ఆపి ఉంచేది. ఆ ఇళ్లలో ఎవరికి కూలి దొరక్కపోతే వాళ్లకు ఆ పని. అలా అద్దె బాకీ పడకుండా ఆగేది, ఇల్లూ బాగుపడేది. ఒకే గదిలో ఇరుక్కున్న కుటుంబం రెండు గదులు తీసుకుంటే అద్దె కలిసొచ్చేలా చూసేది.

అనుకున్న 5 శాతం వచ్చింది. 1866లో రస్కిన్ ఫ్రెష్‌వాటర్ ప్లేస్‌లో మరో ఐదు ఇళ్లను కొన్నాడు. పక్కనే ఉన్న ఖాళీ జాగాను ఆక్టేవియా పిల్లల ఆటస్థలంగా మార్చి, చెట్లు నాటించింది. ఆమె లెక్కలు చూసి వేరే ఆస్తిపరులు కూడా తమ ఇళ్లు అప్పగించడం మొదలుపెట్టారు. 1874 నాటికి ఆమె చూసుకునేవి 15 చోట్ల, అద్దెకున్నవాళ్లు సుమారు 3,000 మంది. వాటిలో చాలావరకు ఆమె పేరు మీద ఉన్నవి కావు. సొంతంగా ఉన్నది నిర్వహణ మాత్రమే.

అద్దె వసూలు... ఒక ఉద్యోగం

ఒక్కతే చేయలేనంత పని పెరిగింది. ఆమె మహిళలను తీసుకుని తర్ఫీదు ఇచ్చింది. మొదట్లో స్వచ్ఛందంగా వచ్చినవాళ్లు ఎక్కువ. తర్వాత జీతం తీసుకుని పూర్తికాలం పనిచేసేవాళ్లు వచ్చారు. మంచి మనసు ఉంటే సరిపోదని ఆమె గట్టిగా నమ్మేది. లెక్కలు రావాలి. మురుగు ఎక్కడ ఆగిందో కనిపెట్టగలగాలి. పన్నులు, నోటీసులు, చట్టం తెలియాలి. మేస్త్రీ చెప్పిన రేటు న్యాయమో కాదో తేల్చగలగాలి. ఇవన్నీ వచ్చాక, మనిషితో మర్యాదగా మాట్లాడటం రావాలి.

ఆ శిక్షణలోంచి వచ్చినవాళ్లు చిన్నవాళ్లేం కాదు. ఎమ్మా కాన్స్ తర్వాత లండన్‌లోని ఓల్డ్ విక్ నాటకశాలను నడిపింది. హెన్రియెట్టా బార్నెట్ హాంప్‌స్టెడ్ గార్డెన్ సబర్బ్ అనే కొత్త నివాస ప్రాంతాన్ని నిర్మింపజేసింది. ఆడవాళ్లకు జీతం వచ్చే పనులు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని ఉన్న కాలంలో ఒక కొత్త ఉద్యోగం అలా పుట్టింది.

అన్నీ సజావుగా సాగలేదు. 1877లో రస్కిన్‌తో సంబంధం చెడింది. ఆయనకు ఆచరణలో పనులు నడిపే శక్తి మీద ఆమెకు నమ్మకం లేదని ఆయన చెవిన పడింది. ఆయన తన పత్రికలో ఆ ఉత్తరాలను అచ్చేసి బహిరంగంగా గొడవ పెట్టుకున్నాడు. అప్పటికే పనితో అలసిపోయిన ఆక్టేవియా ఆరోగ్యం దెబ్బతింది. కొన్ని నెలలు విదేశాలకు వెళ్లాల్సి వచ్చింది. అయినా ఇళ్లు ఆగలేదు. తర్ఫీదు పొందినవాళ్లు అద్దె పుస్తకాలు పట్టుకుని తిరుగుతూనే ఉన్నారు. ఒక మనిషి లేకపోయినా నడిచే పనే నిజమైన వ్యవస్థ అనుకుంటే, ఆమెది అప్పటికే వ్యవస్థ.

1884లో ఇంగ్లండ్ చర్చి ఆస్తులు చూసే కమిషనర్లు సదర్క్, డెట్‌ఫర్డ్ ప్రాంతాల్లోని ఇళ్లను ఆమెకు అప్పగించారు. సదర్క్‌లో 1887లో రెడ్ క్రాస్ కాటేజీలు, వాటి ముందు తోట వచ్చాయి. డెట్‌ఫర్డ్ మాత్రం ఆమెకు కొరకరాని కొయ్య అయింది. పద్ధతి అదే, మనుషులు అంతే పట్టుదల గలవాళ్లు. కానీ అక్కడ ఆశించిన ఫలితం రాలేదు. ఒక వీధిలో పనిచేసిన సూత్రం ఇంకో వీధిలో పనిచేయకపోవచ్చని ఆ అనుభవం చెబుతుంది.

విమర్శలూ తెలుసుకోవాలి

అద్దె వసూలుకు వచ్చిన మనిషి ఇంటి అలవాట్ల మీద కూడా కన్నేస్తే అది స్నేహమా, పెత్తనమా? ఈ ప్రశ్న ఆమె బతికున్నప్పుడే వచ్చింది. ఖాళీ చేయించే అధికారం ఒకరి చేతిలో ఉన్నప్పుడు ఇద్దరూ సమానంగా మాట్లాడుకోలేరు. రోజు కూలి మీద బతికే అతి పేదలకు వారం వారం తప్పకుండా కట్టడం కుదరదు. అలాంటివాళ్లు ఆమె ఇళ్ల బయటే మిగిలిపోయారు.

నగర పాలక సంస్థలు ఇళ్లు కట్టి అద్దెకివ్వడాన్ని ఆమె వ్యతిరేకించింది. ఆ మాట చెల్లలేదు. లండన్ కౌంటీ కౌన్సిల్ కట్టిన బౌండరీ ఎస్టేట్ 1900లో ప్రారంభమైంది. మూడు ఇళ్లు, ఐదు ఇళ్లు బాగుచేసుకుంటూ పోతే అంత పెద్ద నగరం అవసరం తీరేది కాదు. ఆడవాళ్లకు కొత్త ఉద్యోగం చూపించిన ఆమే వాళ్లకు ఓటు హక్కు వద్దంది. ఇవన్నీ కలిపితేనే ఆక్టేవియా హిల్.

1895లో మరో ఇద్దరితో కలిసి ఆమె నేషనల్ ట్రస్ట్‌ను స్థాపించింది. చారిత్రక కట్టడాలను, పచ్చని ప్రదేశాలను కాపాడే ఆ సంస్థ ఇప్పటికీ ఉంది. 1912 ఆగస్టు 13న 73 ఏళ్ల వయసులో ఆమె చనిపోయింది. నాలుగేళ్లకు, 1916లో, ఇళ్ల నిర్వహణ చేసే మహిళలు సంఘంగా ఏర్పడ్డారు. ఈ రంగానికి ఇప్పుడు బ్రిటన్‌లో ఉన్న చార్టర్డ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హౌసింగ్ మూలాలు అక్కడికీ వెళ్తాయి. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో 1896లోనే ఆమె పేరుతో సంస్థ మొదలై అదే పద్ధతిలో ఇళ్లు నడిపింది.

ఆ లెక్క ఇక్కడ వేస్తే...

ఇప్పుడు మన ఊరి లెక్క చూద్దాం. ఇది ఊహించిన ఉదాహరణే, ధరలు మీ వీధిని బట్టి మార్చుకోండి. నాలుగు పోర్షన్ల ఇల్లు, ధర 36 లక్షలు అనుకుందాం. పోర్షన్‌కు నెలకు 5,000. ఏడాదికి 2,40,000. ఒక పోర్షన్ రెండు నెలలు ఖాళీగా ఉంటే 10,000 పోయింది. ఇంటి పన్ను, బోరు మోటారు, సెప్టిక్ ట్యాంకు, వెల్ల, ప్లంబరు అన్నీ కలిపి 50,000. మిగిలేది 1,80,000. అంటే సరిగ్గా 5 శాతం, రస్కిన్ అడిగినంతే.

ఇప్పుడు అదే 36 లక్షలు మొత్తం 9 శాతం వడ్డీకి అప్పు తెచ్చారనుకోండి. మొదటి ఏడాది వడ్డీయే 3,24,000. అద్దె మొత్తం వచ్చినా చాలదు. ధర పెరుగుతుందిలే అన్న ఆశ మీదే నిలబడాలి. కొత్తగా ఇందులోకి దిగేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. వచ్చే అద్దె చూస్తారు, పోయే ఖర్చు చూడరు. ఆక్టేవియా గొప్పతనం చవగ్గా కొనడంలో లేదు. ఖాళీ నెలలు, బాకీలు, పగిలిన సామాన్లు తగ్గించడంలో ఉంది.

కాగితాల సంగతీ అంతే ముఖ్యం. కొనేముందు లింకు డాక్యుమెంట్లు, ఈసీ, ప్లాను అనుమతి చూడాలి. ఏడాది దాటే లీజును 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం తప్పనిసరిగా రిజిస్టర్ చేయాలి. 11 నెలల అగ్రిమెంట్లు అంతలా వాడుకలోకి వచ్చింది అందుకే. అద్దె ఆదాయం మీద పన్ను లెక్కలో, కట్టిన ఇంటి పన్ను తీసేశాక, 30 శాతం స్టాండర్డ్ డిడక్షన్ ఉంటుంది. మీరు రిపేర్లకు అంతకంటే ఎక్కువ పెట్టినా, తక్కువ పెట్టినా అది మారదు.

పెట్టుబడి లేనివాళ్లకు దారి వేరే ఉంది. ఊళ్లో పోర్షన్లు కట్టి హైదరాబాద్‌లోనో, అమెరికాలోనో ఉంటున్నవాళ్లున్నారు. పిల్లలు దూరంగా ఉండి అద్దె కోసం మెట్లెక్కలేని పెద్దవాళ్లున్నారు. అపార్ట్‌మెంట్ అసోసియేషన్లకు, హాస్టళ్లకు మేనేజర్లు కావాలి. ఫెసిలిటీ మేనేజ్‌మెంట్ కంపెనీలు డిగ్రీ చదివినవాళ్లను తీసుకుంటున్నాయి. అక్కడ అడిగేది ఆక్టేవియా తన వాళ్లను అడిగినవే. లెక్క, రిపేరు మీద అవగాహన, చట్టం, మాట తీరు.

ముందుగా మీ ఇంట్లోనో, తెలిసినవాళ్ల ఇంట్లోనో అద్దెకిచ్చిన పోర్షన్ల లెక్క అడిగి తీసుకోండి. గత 12 నెలల్లో ఏ తేదీన అద్దె వచ్చింది, ఎన్ని నెలలు ఖాళీ, దేనికి ఎంత ఖర్చైంది, అడిగిన రిపేరు ఎన్ని రోజులకు చేశారు... ఒక నోటుబుక్కులో నాలుగు గడులు గీసి రాయండి. చివర్లో నికరంగా మిగిలిందెంతో, అది ఇంటి విలువలో ఎంత శాతమో తేల్చండి. చాలామంది యజమానులకే ఆ అంకె తెలీదు. అది చెప్పగలిగితే, ఇంకో ఇల్లు చూసిపెట్టమని అడిగేవాళ్లు మీకు దొరుకుతారు.